సూది, ముద్ద, చక్కెర చెంచా: టైప్ 1 పసివాళ్ల ఇళ్ల నుంచి ప్రశ్నలు

అయిదేళ్లలోపు పిల్లలకు టైప్ 1 డయాబెటిస్ (ఒంట్లో ఇన్సులిన్ తయారవడమే ఆగిపోయే షుగర్ జబ్బు) వచ్చిన ఇళ్ల నుంచి అందిన ఉత్తరాలను ఈ నెల ఒకచోట చేర్చాం. పిల్లల హార్మోన్ల డాక్టరు, డయాబెటిస్ నర్సు, ఆహార నిపుణురాలు కలిసి జవాబులు రాశారు. ఇందులోని ఇన్సులిన్ అంకెలు లెక్క ఎలా వేయాలో చూపడానికి మాత్రమే. మీ బిడ్డ డోసు మీ డాక్టరు రాసిచ్చినదే.

ప్రశ్న: పాపకు రెండున్నరేళ్లు, 12 కిలోలు. అన్నానికి పావుగంట ముందు సూది వేయమన్నారు. వేశాక రెండు ముద్దలు తిని నోరు బిగించేస్తుంది. షుగర్ లో అవుతుందన్న (మరీ పడిపోతుందన్న) భయంతో వెంటపడి బిస్కెట్లు పెడుతున్నాం. తిన్నాకే వేస్తే సరిపోదా?
— ఒక తల్లి, ఖమ్మం

త్వరగా పనిచేసే ఇన్సులిన్ కూడా పని మొదలుపెట్టడానికి పది పదిహేను నిమిషాలు తీసుకుంటుంది. దాని అసలు జోరు గంట దాటాక కనిపిస్తుంది. మెత్తటి అన్నం అంతసేపు ఆగదు. తిన్నాక వేస్తే చక్కెర ముందు పరుగెత్తి 280, 300 దాకా ఎక్కుతుంది. ఇన్సులిన్ వెనకాల వచ్చి, పాప మధ్యాహ్నం నిద్రలో ఉండగా దాన్ని కిందికి లాగుతుంది. అందుకే ముందు వేయడమే మేలు. కానీ డోసంతా ముందే వేసేయాలని లేదు. మీ ఉత్తరం చదివితే మీ పాపకు రెండుగా పంచడమే సరిపోతుందనిపిస్తోంది. ఈ సంగతి డాక్టరుతో మాట్లాడండి.

ఒక భోజనం తీసుకుందాం. వండిన అన్నం 60 గ్రాములు. నూరు గ్రాముల అన్నంలో పిండిపదార్థం దాదాపు 28 గ్రాములు కాబట్టి ఇందులో 17. మూడు చెంచాల ముద్దపప్పులో సుమారు 5. యాభై గ్రాముల పెరుగులో 2. అరటిపండు ముక్క తొక్క తీశాక 30 గ్రాములుంటే 6. అన్నీ కలిపితే 30 గ్రాములు. డాక్టరు మీకు 30 గ్రాములకు 1 యూనిట్ అని రాశారనుకుందాం. అప్పుడు ముందు అర యూనిట్ వేయండి. కంచం ఖాళీ అయితే మిగతా అర యూనిట్ వెంటనే వేయండి. సగం తిని లేచిపోతే ముందు వేసిన అరతోనే సరి, రెండోది వద్దు. అసలేమీ ముట్టకపోతే ఆ అర యూనిట్‌కు 15 గ్రాములు కావాలి: 150 మిల్లీలీటర్ల పాలు, చిన్న అరటిపండులో ఓ సగం. పాలు, పండు వద్దనే పిల్లలు తక్కువ. కాబట్టి వాటిని మొదటే పెట్టకుండా చివరికి దాచుకోండి.

రెండో పోటు ఉంటుంది, నిజమే. కానీ రోజూ రెండు పోట్లు పడవు, పాప సరిగా తిన్న పూటే పడతాయి. అన్నానికి ముందే చక్కెర 70 కంటే తక్కువగా ఉంటే ముందు లో సరిచేసి, తర్వాత అన్నం, ఆ తర్వాత ఇన్సులిన్. మీకిచ్చింది పాత రకం రెగ్యులర్ ఇన్సులిన్ అయితే దానికి అరగంట ముందు వేయాల్సి ఉంటుంది, ఈ పంపకం లెక్కలు మారతాయి. సీసా మీద పేరు చూసి అడగండి.

గ్రాముల్లో తూచే వంటింటి కాటా ఒకటి కొనుక్కోండి. గిన్నెతో, గరిటెతో కొలిస్తే ఒకరు వడ్డించినట్టు ఇంకొకరు వడ్డించరు. కలిపిన ముద్దల్ని తినిపించే ముందు కంచాన్ని తూచి, మిగిలినదాన్ని మళ్లీ తూస్తే ఎంత లోపలికి వెళ్లిందో తెలిసిపోతుంది. ఇంట్లో తరచూ తినేవాటి అంకెలు కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. నలభై గ్రాముల ఇడ్లీలో 10 దాకా, పాతిక గ్రాముల పిండితో చేసిన పుల్కాలో 17, గ్లాసు పాలలో 10. బెల్లానికీ చక్కెరకూ తేడా లేదు.

ఇంకొక్క మాట. వెంటపడి బిస్కెట్లు పెట్టడం ఆపండి. తాను నోరు బిగిస్తే ఇల్లంతా కంగారు పడుతుందని, ఆ కంగారులో బిస్కెట్ వస్తుందని రెండున్నరేళ్ల పిల్ల వారంలో కనిపెడుతుంది. భోజనానికి ఇరవై, పాతిక నిమిషాలు చాలు, ఆ తర్వాత కంచం తీసేయండి. రెండు తిండ్ల మధ్య రెండున్నర, మూడు గంటలు ఖాళీ ఉంటేనే పాపకు ఆకలి, మీకు లెక్క.

ప్రశ్న: నాకు అరవై నాలుగేళ్లు. నాకూ షుగరే, మాత్రలతో సరిపోతోంది. మూడేళ్ల మనవడికి రోజుకు నాలుగైదు సూదులు పొడుస్తుంటే చూడలేకపోతున్నాను. కాకరకాయ రసం, మెంతిపొడి, తిప్పతీగ ఇస్తే సూదులు తగ్గవా?
— ఒక నానమ్మ, తెనాలి

అమ్మా, మీ షుగరూ మనవడి షుగరూ పేరుకే ఒకటి. మీ ఒంట్లో ఇన్సులిన్ తయారవుతూనే ఉంది, సరిపోవడం లేదు, సరిగా పనిచేయడం లేదు. మాత్రలు ఆ లోటు పూడుస్తాయి. బాబు ఒంట్లో ఇన్సులిన్ తయారుచేసే కణాలనే వాడి ఒంటి రక్షణ వ్యవస్థ పొరపాటున నాశనం చేసింది. లేనిదాన్ని ఆకులూ కాయలూ పుట్టించలేవు. తీపి తినబట్టి వచ్చింది కాదు, మీరు గారాబం చేయబట్టి వచ్చిందీ కాదు.

1922కు ముందు ఈ జబ్బు వచ్చిన పిల్లలు నెలల్లోనే, మహా అయితే ఒకటి రెండేళ్లలో చనిపోయేవాళ్లు. ఆ ఏడాది జనవరిలో టొరొంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే పద్నాలుగేళ్ల కుర్రాడికి మొదటిసారి ఇన్సులిన్ ఎక్కించాకే ఆ రాత మారింది. ఇప్పటికీ ఇన్సులిన్ రెండు రోజులు ఆపితే ఇంత చిన్న పిల్లవాడికి ప్రాణం మీదికి వస్తుంది. రసం తాగించి సూది ఆపిన పిల్లలు ఎగశ్వాసతో ఆస్పత్రికి రావడం ఇప్పుడూ జరుగుతోంది. కాకరకాయ కూర వండి పెట్టండి, ఇష్టంగా తింటే మంచిదే. మందుగా వద్దు.

మీరు చేయగలిగింది చాలా ఉంది. మీటరుతో చూడటం, లో అయితే చక్కెర నీళ్లు పట్టడం, ఇన్సులిన్ నింపిన పెన్నుతో సూది వేయడం, ఈ మూడూ నేర్చుకోండి. మీ సొంత షుగర్ చూసుకునే చేతులే అవి. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో కనీసం ఇద్దరికి, వీలైతే ముగ్గురికి ఈ పనులు వచ్చి తీరాలి. మీ కోడలు ఒక్క రాత్రి పూర్తిగా నిద్రపోగలిగితే అది మీ చలవే అవుతుంది.

ప్రశ్న: మూడేళ్ల బాబుకు రాత్రి రెండింటికి చూస్తే 58. హడావిడిలో మామిడి జ్యూస్ సీసా మొత్తం తాగించాం. తెల్లారేసరికి 340. ఎంత ఇవ్వాలి? నిద్రలో లో అయితే తెలిసేదెలా? ఫిట్స్ వస్తే?
— ఒక తండ్రి, వరంగల్

చక్కెర 70 దిగితే లో అనుకోండి, 54 దిగితే ప్రమాదకరమైన లో. ఎంత ఇవ్వాలన్నది బరువును బట్టి ఉంటుంది. కిలోకు 0.3 గ్రాముల గ్లూకోజు చొప్పున 13 కిలోల బాబుకు 4 గ్రాములు. చదునుగా గీసిన ఒక టీ స్పూను చక్కెర 4 నుంచి 5 గ్రాములు ఉంటుంది. దాన్ని పావు గ్లాసు నీళ్లలో కరిగించి పట్టండి, అంతే. గ్లూకోజు పొడి ఉంటే ఇంకా త్వరగా పనిచేస్తుంది. పళ్లరసమైతే 40, 50 మిల్లీలీటర్లు చాలు. మీరు పట్టిన సీసాలో దానికి నాలుగైదు రెట్ల చక్కెర ఉండి ఉంటుంది. తెల్లారి 340 అందుకే.

పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. ఇంకా 70 లోపే ఉంటే అంతే మోతాదు మరోసారి. ఆ పదిహేను నిమిషాలు ఓపిక పట్టడమే కష్టం, గడియారం చూసుకుంటూ కూర్చోండి. 70 దాటాక తర్వాతి తిండికి గంట కంటే ఎక్కువ ఉన్నా, రాత్రి అయినా అర గ్లాసు పాలో, ఇడ్లీ ముక్కో పెట్టండి. చాక్లెట్, బిస్కెట్, పాలతో మాత్రం లో సరిచేయాలని చూడకండి. వాటిలోని కొవ్వు చక్కెరను ఆలస్యం చేస్తుంది. మీటరు చేతికి అందకపోతే, బాబు తీరు తేడాగా కనిపిస్తే ముందు చక్కెర పట్టి తర్వాత చూడండి.

పసివాళ్లు "లో అయింది" అని చెప్పలేరు. ఉన్నట్టుండి చిరాకు, పెదాల చుట్టూ పాలిపోవడం, చల్లటి చెమట, చూపు నిలపకపోవడం, కాళ్లు తడబడటం, కారణం లేకుండా ఏడుపు గుర్తులు. నిద్రలో అయితే మెడ, తల వెనక చెమట, మూలుగు, అటూ ఇటూ దొర్లడం. రోజంతా బాగా ఎగిరి ఆడిన రోజు, జ్వరం, విరేచనాలు ఉన్న రోజు, డోసు మార్చిన మొదటి రెండు మూడు రోజులు రాత్రి రెండు మూడు గంటల మధ్య తప్పక చూడండి. పడుకునే ముందు హై ఉందని అదనపు డోసు వేసేటప్పుడు అంతకుముందు వేసిన ఇన్సులిన్ మూడు నాలుగు గంటలు ఒంట్లో పనిచేస్తూనే ఉంటుందని మరిచిపోకండి. రెండు గంటలకొకసారి వేస్తే అవి ఒకదాని మీద ఒకటి పేరుకుని అర్ధరాత్రి అన్నీ కలిసి లాగుతాయి. అర్ధరాత్రి వచ్చే "లో"లలో చాలావాటికి మూలం ఇదే.

స్పృహ లేకపోతే, ఫిట్స్ వస్తే నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఇంట్లో గ్లూకగాన్ (పడిపోయిన చక్కెరను త్వరగా పెంచే సూదిమందు) ఉంటే 25 కిలోల లోపు పిల్లలకు సగం డోసు, అంటే 0.5 మిల్లీగ్రాము, తొడ కండలో వేయండి. వెంటనే 108కి ఫోన్ చేయండి. గ్లూకగాన్ పొడిని ద్రవంలో కలపాల్సి వస్తుంది, కంగారులో చేతులు వణుకుతాయి. గడువు దాటిన డబ్బాను పారేయకుండా దాంతో ఇంట్లో అందరూ ఒకసారి కలపడం సాధన చేయండి. చిన్న ఊళ్లలో ఇది దొరకడం కష్టం. పెద్ద ఊళ్లో డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే చీటీ రాయించుకుని తెచ్చుకోండి.

ప్రశ్న: ఎప్పుడూ కొనే షాపులో సిరంజీలు లేవంటే వేరేచోట కొన్నాం. మూత రంగు వేరుగా ఉంది. ఏదైనా ఒకటే కదా?
— ఒక తండ్రి, పలాస

ఒకటి కాదు. ఆ సిరంజీని వాడకుండా పక్కన పెట్టండి. మన దేశంలో సీసా ఇన్సులిన్ చాలావరకు మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలంతో వస్తుంది, దానికి ఎర్ర మూత సిరంజీ. పెన్నుల్లో, కొన్ని కొత్త రకం సీసాల్లో వచ్చేది 100 యూనిట్ల బలం, దానికి నారింజ మూత సిరంజీ. వంద బలం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీలో 2 గీతల దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 5 యూనిట్లు. రెండున్నర రెట్ల డోసు పెద్దవాళ్లకే ఎక్కువ, పదకొండు కిలోల బిడ్డకు చెప్పక్కర్లేదు. తారుమారై 40 బలం ఇన్సులిన్‌ను నారింజ మూత సిరంజీలో లాగితే సగానికంటే తక్కువ వెళ్లి చక్కెర ఎక్కిపోతుంది.

సీసా మీద 40 ఉందో 100 ఉందో చదవండి, సిరంజీ మీద అదే అంకె ఉందో లేదో చూడండి. మూత రంగు గుర్తుకు పనికొస్తుంది, కానీ నమ్మాల్సింది అంకెనే. పెన్నులో ఇన్సులిన్‌ను సిరంజీతో లాగకండి. పసిపిల్లలకు అర యూనిట్ చొప్పున తిరిగే పెన్ను గానీ, 100 బలం ఇన్సులిన్ అయితే అర యూనిట్ గీతలుండి మొత్తం 30 యూనిట్లు పట్టే నారింజ మూత సిరంజీ గానీ అడిగి తీసుకోండి. ఒక యూనిట్ తేడా పెద్దవాళ్లలో తెలియకపోవచ్చు, ఈ వయసులో అదే వంద, నూట యాభై పాయింట్లు దించేయగలదు.

ప్రశ్న: ఎండాకాలం ఇంట్లోనే నలభై దాకా ఉంటోంది, కరెంటు పోతోంది. ఇన్సులిన్ పాడవుతుందా?
— ఒక తల్లి, రామగుండం

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య, అంటే ఫ్రిజ్ తలుపు అరలోనో మధ్య అరలోనో ఉంచాలి. ఫ్రీజర్‌కు ఆనుకుని పెడితే గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టినది కరిగాక చూడ్డానికి మామూలుగానే ఉన్నా పనిచేయదు, పారేయండి. వాడుతున్నది 30 డిగ్రీల లోపు అయితే బయట నాలుగు వారాలు ఉంటుంది. మీ ఊరి మే నెలలో అది కుదరదు కాబట్టి వాడుతున్న పెన్నునూ ఫ్రిజ్‌లోనే ఉంచి, వేసే ముందు ఇరవై నిమిషాలు బయట పెట్టండి. చల్లగా వేస్తే మంట పుడుతుంది, మర్నాటి నుంచి బిడ్డ పెన్ను చూస్తేనే ఏడుస్తుంది. సూది తగిలించి పెన్నును వదిలేయకండి, గాలి దూరి డోసు తగ్గుతుంది.

కరెంటు పోతే ఫ్రిజ్ తలుపు తీయకండి, కొన్ని గంటలు చల్లదనం నిలుస్తుంది. గంటలు గడిచేలా ఉంటే మట్టికుండలు అక్కరకొస్తాయి. పెద్ద కుండలో ఇసుక పోసి, అందులో చిన్న కుండ కూర్చోబెట్టి, ఇసుకను తడిపి, ఇన్సులిన్‌ను పొడి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి లోపలి కుండలో ఉంచండి. పైన తడిగుడ్డ కప్పండి. గాలి ఆడే నీడలో పెట్టి రోజుకు రెండుసార్లు ఇసుక తడపాలి. మీవైపు పొడి వేడి కాబట్టి బాగా చల్లబడుతుంది. నెల్లూరు, కాకినాడ వైపు ఉక్కపోతలో నీరు ఆవిరి కాదు, అక్కడ దీన్ని అంతగా నమ్ముకోకూడదు.

తెరిచిన రోజు తేదీని సీసా మీద పెన్నుతో రాయండి. తిండి, డోసు మారకుండా రెండు రోజులుగా చక్కెర దిగకపోతే కారణాలు వెతికేలోపు ముందు కొత్త ఇన్సులిన్ తెరవండి.

ప్రశ్న: బాబుకు విరేచనాలు, రెండుసార్లు వాంతి. ఏమీ తినలేదు కదా అని ఆ పూట ఇన్సులిన్ ఆపాం. మర్నాడు ఐసీయూలో పెట్టారు. ఏం తప్పు జరిగింది?
— ఒక తల్లి, కర్నూలు

తిండి లేకపోయినా ఒంటికి ఇన్సులిన్ కావాలి. జబ్బు చేసినప్పుడు కాలేయం సొంతంగా చక్కెరను వదులుతుంది. ఇన్సులిన్ లేకపోతే ఒళ్లు కొవ్వును కరిగించుకుంటుంది, ఆ క్రమంలో కీటోన్లనే ఆమ్లాలు రక్తంలో పేరుకుంటాయి. వాంతులు వాటివల్లే ఇంకా పెరుగుతాయి. తిండికి వేసే డోసు తగ్గించవచ్చు, మానవచ్చు. రోజంతా పనిచేసే లాంగ్ ఇన్సులిన్‌ను మాత్రం ఎప్పుడూ పూర్తిగా ఆపకూడదు. తగ్గించాలంటే డాక్టరుకు ఫోన్ చేసి తగ్గించాలి. మీ తప్పేనని కుమిలిపోకండి, ఇది ముందే చెప్పి పంపాల్సిన విషయం.

జబ్బు రోజున రెండు మూడు గంటలకొకసారి చక్కెర, దాంతోపాటు కీటోన్లు చూడాలి. రక్తంలో చూసే మీటరు ఉంటే 0.6 లోపు మామూలు, 1.5 దాటితే ప్రమాదం మొదలైనట్టు, 3 దాటితే నేరుగా ఆస్పత్రికి. మూత్రం స్ట్రిప్పులు చవక, కానీ అవి రెండు మూడు గంటల కిందటి సంగతి చెబుతాయి. డైపరు వేసే బిడ్డకు మూత్రం పట్టడమెలా అని చాలామంది అడుగుతారు. డైపరులో ముందువైపు రెండు దూది ఉండలు పెట్టండి, తడిశాక వాటిని స్ట్రిప్పు మీద పిండండి. డబ్బా మీద రాసినన్ని సెకన్లకే రంగు చూడాలి, ఆలస్యమైతే ముదురుతుంది.

చక్కెర ఎక్కువ, కీటోన్లు ఎక్కువ అయితే నీళ్లు, అదనపు ఇన్సులిన్. ఎంతన్నది ముందే డాక్టరు దగ్గర రాయించుకుని ఉంచుకోండి. చక్కెర తక్కువగా ఉండి కీటోన్లు ఉంటే ఇల్లంతా తికమక పడుతుంది. ఇన్సులిన్ ఆపేయాలనిపిస్తుంది. అప్పుడు కావాల్సింది తీపి ద్రవం, దాంతోపాటే ఇన్సులిన్. అయిదు నిమిషాలకొక చెంచా చొప్పున పట్టండి, గ్లాసుతో ఇస్తే వాంతి అవుతుంది.

ఓఆర్ఎస్ గురించి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం చేసిన పొట్లంలో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది. నీరు, లవణాలు నిలపడానికి అది సరైనది, లో సరిచేయడానికి చాలదు. వంద మిల్లీలీటర్లు తాగినా ఒకటిన్నర గ్రాము కూడా రాదు. ఇక అట్టపెట్టెల్లో అమ్మిన తీపి పానీయాల మీద ఆ పేరు ఉండటం వల్ల ఎందరో మోసపోయారు. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి చేసిన పోరాటం తర్వాత 2025 అక్టోబరులో కేంద్ర ఆహార ప్రమాణాల సంస్థ పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. కొనేటప్పుడు పొట్లం మీద సూత్రం చదవండి.

వాంతులు రెండు గంటలైనా ఆగకపోతే, ఊపిరి లోతుగా, వేగంగా తీస్తుంటే, నోటి నుంచి మగ్గిన పండు వాసన వస్తే, మగతగా ఉంటే ఇంట్లో ఆగకండి. ఆస్పత్రిలో అడుగుపెట్టగానే "బిడ్డకు టైప్ 1, ఇన్సులిన్ మీద ఉన్నాడు" అన్నది మొదటి మాట కావాలి. ఆ ఎగశ్వాసను చూసి నిమ్మో, ఆయాసమో అనుకునే ప్రమాదం ఉంది.

ప్రశ్న: సూది అనగానే మంచం కింద దూరుతుంది. ఇద్దరం గట్టిగా పట్టుకుని వేయాల్సి వస్తోంది.
— ఒక తల్లి, సిద్దిపేట

ముందుగా ఇంట్లో, వీధిలో ఒక మాట ఆపించండి: "అల్లరి చేస్తే సూది వేయిస్తా." రోజూ సూది వేయించుకునే పిల్లకు ఆ మాట వింటే సూది శిక్ష అవుతుంది.

పోటును బేరానికి పెట్టకండి. వేయాలా వద్దా అని అడగొద్దు, ఎక్కడ అని అడగండి: "కుడికాలా, ఎడమకాలా?" ఆ ఒక్క నిర్ణయం తన చేతిలో ఉంటే సగం గొడవ తగ్గుతుంది. వేసేవన్నీ ముందే, పాప చూడకుండా సిద్ధం చేసుకోండి. పిలిచిన నిమిషంలో అయిపోవాలి. ఒకరు ఒళ్లో వీపు ఆనించి కూర్చోబెట్టుకుంటే చాలు, పడుకోబెట్టి అదిమితే భయం పెరుగుతుంది. 4 మిల్లీమీటర్ల సూది వాడండి, పసిపిల్లలకు దాంతోనూ చర్మాన్ని రెండు వేళ్లతో మెల్లగా మడిచి పట్టి వేయాలి. మీట నొక్కాక పది లెక్కపెట్టి తీయండి. ఆ పదీ పాపతోనే లెక్కపెట్టించండి. అంకెలు నేర్చుకుంటుంది, కదలకుండా ఉంటుంది, మందు కారిపోదు.

పిరుదులు, తొడల పైభాగం, పొట్ట మారుస్తూ ఉండండి. ఒకచోటు నొప్పి తెలియడం లేదని పిల్లలు అక్కడే వేయించుకుంటారు, అక్కడ కొవ్వు గడ్డకట్టి ఇన్సులిన్ సరిగా ఎక్కదు. వారానికోసారి స్నానం చేయించేటప్పుడు సబ్బుచేత్తో తడిమి చూడండి. గడ్డ తగిలితే ఆ చోటు నెలల పాటు వదిలేయాలి. అయితే గడ్డలో వేసే డోసునే కొత్త చోట వేస్తే మొత్తం ఎక్కి లో అవుతుంది. మార్చిన రోజు ఎక్కువసార్లు చూడండి.

ప్రశ్న: చేతికి అంటించిన చక్కెర సెన్సర్ రాత్రి 52 అని మోగింది, చక్కెర పట్టాక వేలిపై చూస్తే 210. ఏది నమ్మాలి? వచ్చే నెల విజయవాడ నుంచి అత్తయ్య, మావయ్య వస్తున్నారు, బాబును పగలంతా వాళ్లకు వదిలి ఆఫీసుకు వెళ్లొచ్చా?
— ఒక తల్లి, ఎడిసన్, న్యూజెర్సీ

బాబు సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుని ఉంటాడు. అక్కడ ఒత్తిడి పడితే చర్మం కింద ద్రవం కదలిక తగ్గి అబద్ధపు లో చూపిస్తుంది. గీత మెల్లగా జారకుండా ఒక్కసారిగా కొండ మీంచి దూకినట్టు పడితే అనుమానించండి. పక్కకు తిప్పి, వేలిపై చూసి, తర్వాత చక్కెర. సెన్సర్ ఎప్పుడూ రక్తం కంటే కొన్ని నిమిషాలు వెనకే ఉంటుంది, కాబట్టి లో సరిచేశాక పదిహేను నిమిషాలకు అది ఇంకా తక్కువ చూపించినా వేలే ప్రమాణం. అయితే వేలు కూడా శుభ్రంగా ఉండాలి. మామిడిపండు తిన్న వేలిని కడగకుండా పొడిస్తే 300 చూపిస్తుంది. సబ్బుతో కడిగి, తుడిచి, వేలి కొసన కాక పక్కన పొడవండి.

వదిలి వెళ్లొచ్చు, కానీ దిగిన మర్నాడే కాదు. రెండు వారాలు వాళ్లు చేస్తుంటే మీరు పక్కన కూర్చుని చూడండి. మీ మీటరు ఎలా చూడాలో చూపించండి. ఒక పేజీ తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసి అంటించండి: ఎంత దిగితే ఏం ఇవ్వాలి, ఎంత దాటితే మీకు ఫోన్ చేయాలి, చక్కెర ఎక్కడుంది, అత్యవసర నంబరు 911, ఇంటి చిరునామా ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలో తెలుగు అక్షరాల్లో. మొదటి నెల పగటి డోసు మీరు వీడియోలో చూసి సరే అన్నాకే వేయమనండి. ఆ వీడియో వాళ్ల మీద అపనమ్మకం కాదని ముందే చెబితే మనసులు నొచ్చుకోవు.

ప్రశ్న: మాది మేనరికం. అందుకే వచ్చిందని అందరూ నన్నే అంటున్నారు. రెండో బిడ్డను కనాలంటే భయంగా ఉంది.
— ఒక తల్లి, అనంతపురం

టైప్ 1 మేనరికం వల్ల వచ్చే జబ్బు కాదు, అమ్మ వైపు నుంచో నాన్న వైపు నుంచో అని ముద్ర వేసేది కాదు. బిడ్డకు వస్తే తోబుట్టువుకు వచ్చే అవకాశం సుమారు నూటికి అయిదు, అంటే తొంభై అయిదు మందికి రాదు.

ఒక్క మినహాయింపు ఉంది, అది ముఖ్యం. షుగర్ ఆరు నెలల వయసులోపే బయటపడితే అది టైప్ 1 కాకపోవచ్చు. ఒకే జన్యువులో లోపం వల్ల వచ్చే రకం కావచ్చు, వాటిలో కొన్ని మేనరికాల్లో ఎక్కువ. జన్యుపరీక్ష తప్పక చేయించాలి, చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ లాంటి చోట్ల చేస్తారు. వాటిలో కొన్ని రకాల పిల్లలు ఇన్సులిన్ మాని మాత్రల మీదే ఉండగలరు. మీ ఉత్తరంలో బాబుకు రెండేళ్లప్పుడు వచ్చిందని ఉంది కాబట్టి మీకిది వర్తించదు. ఈ జవాబును ఇంట్లో అందరి ముందు చదివించండి.

ప్రశ్న: అంగన్‌వాడీకి పంపొచ్చా?
— ఒక తండ్రి, పాడేరు

పంపండి. టీచరుకు చక్కెర పొట్లాలు, మీ ఫోన్ నంబరు, లో గుర్తుల కాగితం ఇవ్వండి. గుడ్డుకు ఇన్సులిన్ లెక్క అక్కర్లేదు. బాలామృతంలో చక్కెర కలిసే ఉంటుంది, పెట్టే ముందు మీకు చెప్పమనండి. ఆటల తర్వాత బిడ్డ ఊరకే కూర్చుండిపోతే అలసట అనుకోవద్దనండి. బడి వయసు వచ్చాక కూడా వెనకాడకండి. తరగతిలో షుగర్ చూసుకోవడానికి, ఇన్సులిన్ వేసుకోవడానికి, తినడానికి ఈ పిల్లలకు వీలు కల్పించాలని జాతీయ బాలల హక్కుల రక్షణ కమిషన్ 2023లో రాష్ట్రాలకు లేఖ రాసింది.

ప్రశ్న: రాత్రి నిద్రమత్తులో 5 యూనిట్ల లాంగ్ బదులు 5 యూనిట్ల రాపిడ్ (త్వరగా పనిచేసేది) వేసేశాం. అదృష్టవశాత్తు గట్టెక్కాం. మళ్లీ జరిగితే?
— భార్యాభర్తలు, రాజమహేంద్రవరం

అలా జరిగితే ఇంట్లో సర్దుకుందామని చూడకండి. పదమూడు కిలోల బిడ్డకు 5 యూనిట్ల రాపిడ్ అంటే వంద గ్రాములకు పైగా పిండిపదార్థం కావాలి, అంత తినిపించలేరు. వెంటనే తీపి నీళ్లు పట్టడం మొదలుపెట్టి, పావుగంటకోసారి చూసుకుంటూ ఆస్పత్రికి బయలుదేరండి, నరం ద్వారా గ్లూకోజు పెట్టించాలి. నాలుగైదు గంటలు అక్కడే ఉండాల్సి వస్తుంది.

రెండు పెన్నులూ ఒకే డబ్బాలో ఉండటమే అసలు కారణం. రెండు మందులూ నీళ్లలా తేటగానే ఉంటాయి, రంగు చూసి తేడా తెలియదు. లాంగ్ పెన్నుకు రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు చుట్టండి, చీకట్లో వేళ్లకే తెలుస్తుంది. దాన్ని వేరే అరలో పెట్టండి, కుదిరితే రాత్రి నుంచి పొద్దునకు మార్చమని డాక్టరును అడగండి. వేసే ముందు మందు పేరు, యూనిట్లు పైకి చదవండి, వేశాక ఫ్రిజ్ మీది క్యాలెండరులో గీత పెట్టండి. "వేశామా, లేదా?" అన్న అనుమానం వస్తే మళ్లీ వేయకండి. రాపిడ్ అయితే రెండు గంటలకు చక్కెర చూస్తే తెలుస్తుంది, లాంగ్ అయితే డాక్టరును అడగండి.

ప్రశ్న: ఏడేళ్ల పెద్దపాప "తమ్ముడికే అన్నీ, నాకేం లేదు" అంటోంది. సంక్రాంతికి అరిసెలు కూడా వండలేదు.
— ఒక తల్లి, భీమవరం

వండండి. బాబుకూ చిన్న ముక్క పెట్టి లెక్కకు సూది వేయండి. నూనెలో వేగినవి కాబట్టి చక్కెర ఆలస్యంగా, రెండు మూడు గంటలకు ఎక్కుతుంది, అప్పుడు ఒకసారి చూడండి. ఒకరి కోసం ఇంట్లో తీపి మానేస్తే పెద్దది దాచుకు తింటుంది, చిన్నవాడు వెతుక్కుని తింటాడు.

రోజుకు పావుగంట మీటరు, కంచం, తమ్ముడి మాట లేకుండా పెద్దపాపతో కూర్చోండి. తమ్ముడికి కాపలా పెట్టకండి, ఏడేళ్ల పిల్ల మోసే బరువు కాదది. ఒక్కటి మాత్రం నేర్పండి: తమ్ముడు తేడాగా ఉంటే పెద్దవాళ్లను పిలవడం, చక్కెర డబ్బా తెచ్చి ఇవ్వడం. ఆ డబ్బాను తమ్ముడికి అందకుండా, అక్కకు అందేంత ఎత్తులో పెట్టండి.